హనుమకొండలో ఎనిమిది వారాల ‘ఎరుక’ తరగతి: ఒక అడ్తి గుమాస్తా అనుభవం

గత నవంబరు చివరి వారం నుంచి జనవరి మూడో వారం దాకా, హనుమకొండలో పద్మాక్షి గుట్ట వైపు వెళ్ళే దారిలో ఒక ఇంటి మొదటి అంతస్తులో నడిచే యోగా తరగతికి ఎనిమిది వారాల పాటు వెళ్ళాను. ఆసనాలు, ప్రాణాయామంతో పాటు ఈ మధ్య మైండ్‌ఫుల్‌నెస్ అని అందరూ అంటున్న, ఇప్పుడు జరుగుతున్నదాన్ని గమనించే ‘ఎరుక’ సాధనను కూడా అక్కడ నేర్పుతారు. వారానికి ఐదు రోజులు, ఉదయం 5:30 నుంచి 6:45 వరకు తరగతి ఉంటుంది. ఎనిమిది వారాలకు రుసుము 3,000 రూపాయలు. మొదటి రెండు రోజులు ఉచితం. ఒక బ్యాచ్‌లో 18 మందికి మించి చేర్చుకోరు. నేర్పే టీచరమ్మ ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేసి రిటైరయ్యారు. తన పేరు గానీ తరగతి పేరు గానీ ఎక్కడా రాయవద్దని ఆమె కోరినందువల్ల, ఆ మాటకు కట్టుబడి, అక్కడ జరిగేదాన్ని మాత్రమే వివరిస్తాను.

నేను ఇరవై రెండేళ్ళుగా వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో, రైతుల సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. పత్తి సీజన్ మొదలైతే, ఆ వెనుకనే మిర్చి రావడం మొదలైతే, పొద్దంతా లాట్ నంబర్లు, బస్తాల లెక్క, తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి) ఖర్చులు వేసుకుంటూ రైతులకు తక్‌పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు, రాయడమే పని. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాక కూడా ఆ అంకెలు ఆగవు. రాసిన ప్రతి తక్‌పట్టీ కళ్ళ ముందు మళ్ళీ తెరుచుకుంటుంది, కూడిక సరిగా వేశానా అని మళ్ళీ కూడుతాను, అది అయ్యేలోగా ఇంకొకటి వస్తుంది. నిరుడు మిర్చి సీజన్‌లో అలా రెండు రాత్రులు సరిగా నిద్ర లేక, ఒక పెద్ద లాటులో 18.60 క్వింటాళ్ళకు బదులు 16.80 అని రాశాను. పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఆ రైతు మర్నాడు తక్‌పట్టీ పట్టుకుని వచ్చి, ఒక్క మాట కోపంగా అనకుండా, “ఒక్కసారి చూడు సారు” అని నా ముందు పెట్టాడు. తప్పు సరిదిద్ది మిగతా డబ్బు అప్పుడే ఇప్పించాను గానీ, ఆ మనిషి ముఖం చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆరు నెలల కష్టాన్ని నా చేతి రాత నమ్మి అమ్ముకున్నవాడికి నేను చేసిన అన్యాయం అది. తలలో తిరిగే ఈ గిర్నీని ఎలాగైనా నిదానం చేసుకోవాలని నిశ్చయించుకున్నది ఆ రోజే.

ఈ తరగతికి రాకముందు రెండు దారులు ప్రయత్నించాను. మొదటిది, ఒక మైదానంలో వందల మందిని కూర్చోబెట్టి నిర్వహించిన ఉచిత శిబిరం. అక్కడ మొదటి రోజే మైకులో లెక్కపెడుతూ, పొట్టను లోపలికి లాగుతూ ఊపిరిని బలంగా బయటికి తోసే కపాలభాతిని వేగంగా చేయించారు. నాకు బీపీ ఉందా, ఏవైనా మాత్రలు వాడుతున్నానా అని అడిగినవారు లేరు. మూడో విడతకు కళ్ళు తిరిగి పక్కకు వచ్చి కూర్చున్నాను. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, గర్భిణులు, హెర్నియా ఉన్నవారు, పొట్టకు ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు కపాలభాతి చేయకూడదని యోగా నేర్పే వారందరికీ తెలిసిన విషయమే. అయినా అంత గుంపులో ఎవరికి ఏముందో చూసే వీలు ఉండదు. రెండోది, ఫోన్‌లో వేసుకున్న ఒక ధ్యానం యాప్. అందులోని గొంతు బాగానే ఉంది, కానీ ధ్యానం కోసం ఫోన్ చేతిలోకి తీసుకోగానే మార్కెట్ ధరల వాట్సాప్ గ్రూపు కనిపించేది. పది నిమిషాల ధ్యానానికి ముందు పదిహేను నిమిషాలు ధరలు చూసేవాణ్ణి. ఏ వస్తువు మనసును పరుగెత్తిస్తున్నదో, ఆ వస్తువు చేతనే దాన్ని ఆపించాలనుకోవడం నా వంటివాడికి సాగలేదు.

ఇక్కడ మొదటి రోజు ఆసనం వేయించలేదు. టీచరమ్మ ఒక కాగితం ఇచ్చి, బీపీ, షుగర్, గ్లాకోమా, వెన్ను, మోకాళ్ళు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు అన్నీ రాయమన్నారు. మనసుకు సంబంధించి ఏదైనా చికిత్స జరుగుతుంటే అది కూడా రాయమని, చెప్పడం ఇష్టం లేకపోతే విడిగా వచ్చి మాట్లాడమని అన్నారు. నా బీపీ చూసి, నా వరకు కపాలభాతిని, ఊపిరి బిగబట్టే కుంభకాన్ని, తల చాలాసేపు కిందికి ఉండే ఆసనాలను పూర్తిగా తీసేశారు. “మాత్రలు ఆపాల్నా వద్దా అని నన్నడగద్దు తమ్మీ, అది డాక్టర్‌ సాబు మాట. ఇక్కడికొస్తే బీపీ తగ్గుతదని గూడ నేను చెప్ప,” అన్నారు. ఏ హామీ ఇవ్వకుండా మొదలుపెట్టిన ఆ మాటే నాకు ఈ తరగతి మీద నమ్మకం కలిగించింది.

తరగతి క్రమం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని బలమంతా ఆ క్రమంలోనే ఉందని నా అభిప్రాయం. మొదట పది నిమిషాలు సూక్ష్మ వ్యాయామం: మెడ, భుజాలు, మణికట్లు, చీలమండలు మెల్లగా తిప్పడం. తరువాత అరగంట ఆసనాలు: తాడాసనం, అర్ధకటి చక్రాసనం, మార్జాలాసనం, భుజంగాసనం, శశాంకాసనం, సేతుబంధాసనం. వీటిలో కష్టమైనది ఏదీ లేదు, కానీ ప్రతి ఆసనంలోనూ ఒక్కటే అడుగుతారు: ఇప్పుడు బరువు ఎక్కడుంది, ఊపిరి ఎక్కడ ఆడుతోంది, దవడ బిగిసిందా? నా దవడ ఎప్పుడూ బిగిసే ఉండేది. నలభై ఏడేళ్ళ వయసులో, నేను పళ్ళు కొరుకుతూ పని చేస్తానని నాకు మొదటిసారి తెలిసింది ఆ హాలులోనే. ఆసనాల తరువాత పన్నెండు నిమిషాలు ప్రాణాయామం, ఆ తరువాత పది నిమిషాలు ఊరకే కూర్చుని ఊపిరిని గమనించడం, చివర శవాసనం.

కుదురు లేని మనసుతో వచ్చినవాణ్ణి నేరుగా కళ్ళు మూసుకుని కూర్చోబెడితే ఏమవుతుందో యాప్‌తో చూశాను. ఆలోచనలు రెట్టింపవుతాయి. టీచరమ్మ మాటల్లో చెప్పాలంటే, “ఉరుకుతున్న ఎద్దును ఒక్కసారే కట్టెయ్యబోతే పలుపు తెంపుకుంటది, ముందుగాల నాలుగు సాళ్ళు దున్ననియ్యాలె.” పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన అష్టాంగాల్లో కూడా ఆసనం మూడోది, ప్రాణాయామం నాలుగోది, ధ్యానం ఏడోది అని ఆమె గుర్తు చేశారు. ఆసనం అంటే ఎలా ఉండాలో ఆ సూత్రాల్లో మూడే మాటల్లో ఉంది: స్థిర సుఖమాసనమ్. స్థిరంగానూ ఉండాలి, సుఖంగానూ ఉండాలి. మొదటి రెండు వారాలు నాకు స్థిరం వస్తే సుఖం పోయేది, సుఖం వస్తే నడుము కుంగేది. మూడో వారానికి గోడకు ఆనకుండా పది నిమిషాలు కూర్చోగలిగాను.

ప్రాణాయామంలో ఆమె నేర్పిన ముఖ్యమైన సంగతి ఒక్కటే: వదిలే ఊపిరి తీసుకునే ఊపిరి కన్నా పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెడుతూ తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. లెక్కకు ఒక సెకను చొప్పున వేసుకుంటే ఒక ఊపిరికి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. మామూలుగా విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. మొదటి వారం నా ఊపిరి నాలుగో లెక్కకే తెగిపోయేది, ఆరు దాకా లాగితే తరువాతి శ్వాస గబుక్కున వచ్చేది. అలా లాగవద్దని, నాలుగుకు నాలుగుతో మొదలుపెట్టి వారానికి ఒక లెక్క పెంచమని చెప్పారు.

ఇలా ఎందుకు చేయాలో ఆమె వివరించిన తీరు నాకు చాలా నచ్చింది. కుడి చేతి మూడు వేళ్ళను ఎడమ మణికట్టు నాడి మీద పెట్టుకోమని, ఊపిరి తీసుకుంటున్నప్పుడు, వదులుతున్నప్పుడు నాడి ఎలా కొట్టుకుంటుందో చూడమని అన్నారు. మొదట ఏమీ తెలియలేదు. ఐదారు శ్వాసల తరువాత, తీసుకుంటున్నప్పుడు నాడి దగ్గర దగ్గరగా, వదులుతున్నప్పుడు ఎడం ఎడంగా కొట్టుకోవడం వేళ్ళకు స్పష్టంగా తెలిసింది. ఊపిరి వదులుతున్నప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం పని పెరిగి గుండె కొట్టుకునే వేగం కాస్త తగ్గుతుందని, అందువల్లే దీర్ఘ నిశ్వాసం ఒంటికి నెమ్మది కలిగిస్తుందని చెప్పారు. మనసుకు ‘నిమ్మళంగా ఉండు’ అని ఎన్నిసార్లు చెప్పినా వినదు. వదిలే ఊపిరిని పొడిగిస్తే గుండె వింటుంది. గుండె విన్నాక మనసు కూడా కొంత వింటుంది. ఇది నా వేళ్ళ కింద తెలిసిన విషయం గనుక ఇంత గట్టిగా రాస్తున్నాను.

భ్రామరి గురించి ఒక్క మాట. పెదవులు మూసి, తుమ్మెదలా ‘మ్‌’ అని ఝంకారం చేస్తూ ఊపిరి వదలడం అది. మాటతో, లెక్కతో నిండిన తలకు ఇంతకన్నా సులువైన సాధన నాకు కనిపించలేదు, ఎందుకంటే ఆ ధ్వని పుర్రె అంతా మోగుతున్నప్పుడు కూడిక వేయడం అసాధ్యం. రాత్రి పడుకోబోయే ముందు తొమ్మిదిసార్లు చేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి, ఆ పది నిమిషాల కూర్చోవడానికి వస్తాను. ఈ సాధనను టీచరమ్మ మైండ్‌ఫుల్‌నెస్ అని అనరు, ‘ఎరుక’ అంటారు. పుస్తకాల్లో ఎరుక అంటే జ్ఞానం అని పెద్ద అర్థం ఉంది గానీ, మన వైపు అది రోజూ నోట్లో నానే మాట. “గది నాకు ఎరుకే” అంటాం. ఆమె వాడేది ఆ మామూలు అర్థంలోనే: ఇప్పుడు ఏం జరుగుతుందో నీకు ఎరుకేనా? పాలీలో దీన్ని సతి అన్నారని, సంస్కృతంలో స్మృతి అని, బౌద్ధ సాధన నుంచి వచ్చిన ఈ పద్ధతిని 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్‌-జిన్ అనే ఆయన, నొప్పులతో బాధపడే రోగుల కోసం ఒక శిక్షణగా కూర్చారని ఒకనాడు చెప్పారు. ఆయన శిక్షణలో కూడా మెల్లగా చేసే యోగాసనాలు ఒక భాగమే. ఎనిమిది వారాల లెక్క అక్కడిదే. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. చిన్నప్పుడు మేనమామ ఊరికి పోతూ దాన్ని చూశాను. ఊపిరిని గమనిస్తూ కూర్చునే మనుషులు రెండు వేల ఏళ్ళ కిందట మన గోదావరి ఒడ్డు ప్రాంతంలోనే ఉన్నారనే ఆలోచన నాకు సంతోషాన్నిచ్చింది.

ఈ సాధనలో చేయవలసింది వినడానికి ఏమీ లేదు. ముక్కు కొన దగ్గర గాని, పొట్ట దగ్గర గాని ఊపిరి రాకపోకలను గమనించాలి. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసిన క్షణంలో, దాన్ని తిట్టకుండా, మళ్ళీ ఊపిరి దగ్గరికి తేవాలి. మొదటి వారం పది నిమిషాల్లో నేను రెండు మూడుసార్లు కూడా ఊపిరి దగ్గర లేను. ఖమ్మం రోడ్డులోని జిన్నింగ్ మిల్లుకు పోయిన లారీ దగ్గర ఉన్నాను, కొడుకు కాలేజీ ఫీజు దగ్గర ఉన్నాను. తరగతి అయ్యాక, నాకు ఇది రాదు, నా మనసు నిలవదు అని చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న ఇది: “ఎటు పోయిందో చూసినవా?” చూశానన్నాను. “చూసినవంటే వచ్చినట్టే కదా. అదే పని. ఇంకో పని లేదు.”

ఈ మాటలకే నేను 3,000 రూపాయలు ఇచ్చినా నష్టం లేదనుకుంటాను. అంతవరకు నేను, ధ్యానం అంటే ఆలోచన లేకుండా ఉండటం అని, ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఓడిపోయినట్టని అనుకున్నాను. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మందిని రోజులో అప్పుడప్పుడు ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగితే, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం సేపు జనం మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. అంటే మనసు తిరగడం నా ఒక్కడి జబ్బు కాదు, మనసు పనే అది. తిరిగి పిలుచుకోవడం ఒక్కటే నేర్చుకోవలసింది. గీత ఆరో అధ్యాయంలో మనసు చంచలమైనదని, గాలిని పట్టినట్టు దాన్ని పట్టడం కష్టమని అర్జునుడంటే, కృష్ణుడు కాదనడు. కష్టమే, కానీ అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందని అంటాడు. ముందు ఆ కష్టాన్ని ఒప్పుకోవడంలోనే ఎంతో దయ ఉంది.

మా బ్యాచ్‌లో కాజీపేట నుంచి వచ్చే ఒక లోకో పైలట్ ఉన్నారు. నాలుగో వారంలో టీచరమ్మ, ఆలోచన వచ్చినప్పుడు దానికి మనసులోనే ఒక పేరు పెట్టమన్నారు: లెక్క, భయం, కోపం, రేపటి పని. ఇలా పేరు పెడితే ఏమొస్తుందని ఒకరు అడిగితే, ఆ లోకో పైలట్ అందుకుని, తమ డ్యూటీలో ఇది రోజూ చేసేదేనన్నారు. సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ దాని రంగును చేతితో చూపిస్తూ పైకి చెప్పుకోవాలి. కళ్ళతో చూస్తే చాలదా అంటే, చాలదు. కన్ను తెరిచి ఉన్నా మనసు ఇంటి దగ్గర ఉండొచ్చు, నోటితో చెప్పినప్పుడే చూసినట్టు రుజువు. ఆయన మాట విన్నాక నాకు ఆ సాధన పూర్తిగా అర్థమైంది. ఇప్పుడు రాత్రి పడుకున్నాక తక్‌పట్టీ కళ్ళ ముందు తెరుచుకుంటే ‘లెక్క’ అని మెల్లగా పేరు పెడతాను. అది మాయమవుతుందని చెప్పను. కానీ దాని వెంట నేను పోవడం చాలా తగ్గింది.

సంక్రాంతికి ముందు వారం చేసిన అభ్యాసం నాకు ఎన్నటికీ మరపురాదు. ఈ శిక్షణలో ఒక ఎండుద్రాక్షను చాలా నెమ్మదిగా, పూర్తి ధ్యాసతో తినే అభ్యాసం ఒకటి ఉంటుందట. టీచరమ్మ ద్రాక్షకు బదులు తమ ఇంట్లో ఆ ముందురోజు కాల్చిన సకినాలు తెచ్చి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కటి పెట్టి, పది నిమిషాల దాకా పూర్తి చేయవద్దన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సకినాలు తింటున్నాను, కానీ ఒక్క సకినాన్ని నేను అంతవరకు చూడలేదు. వేళ్ళతో పిండిని మెలితిప్పుతూ చుట్టిన వరుసలు, ఒక వరుసకు ఇంకొకటి అంటుకున్న చోట చిన్న ఎడం, ఎర్రబడిన నువ్వు గింజ ఒకటి, తెల్లగానే ఉండిపోయిన గింజ ఇంకొకటి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు నూనె, ఆ వెనుక వాము. విరిస్తే వచ్చే చప్పుడు చెవి దగ్గర చాలా పెద్దగా వినిపించింది. నాలుక మీద పెట్టుకుని నమలకుండా ఉంచినప్పుడు బియ్యప్పిండి కరుగుతూ తీపి తేలింది. సకినంలో తీపి ఉందని నాకు అంతకుముందు తెలియదు. అదే సమయంలో, మా అమ్మ తెల్లబట్ట పరిచి దాని మీద సకినాలు చుడుతూ, మేము తొక్కకుండా అదిలించిన గొంతు జ్ఞాపకం వచ్చింది. ఆ జ్ఞాపకానికి కూడా పేరు పెట్టి, మళ్ళీ నాలుక దగ్గరికి వచ్చాను. ఆ పది నిమిషాల్లో ఒక్క అంకె కూడా నా తలలోకి రాలేదు.

బాగున్నవాటిలో మరొకటి తప్పక చెప్పాలి. కళ్ళు మూసుకుని కూర్చోవడం అందరికీ ఒకేలా మేలు చేయదు. మూడో వారంలో మా బ్యాచ్‌లోని ఒక అమ్మాయికి అలా కూర్చున్నప్పుడు గుండె దడ, భయం ఎక్కువయ్యాయి. టీచరమ్మ ఆమెను ఓర్చుకొమ్మనలేదు. కళ్ళు తెరిపించి, పాదాలు నేలకు ఆనించి, కిటికీలోంచి కనిపించే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పించారు; తరువాత పక్కన కూర్చుని, ఇది ఇక్కడ నయమయ్యే విషయం కాదు, డాక్టరును కలువు బిడ్డా అని నచ్చజెప్పారు. ఆ హాలు గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. తాను నేర్పే విద్యకు హద్దు ఎక్కడుందో తెలిసిన గురువు దొరకడం శిష్యుల అదృష్టం.

ఇక లోపాలు. హాలుకు ఎక్కే మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, మలుపు దగ్గర దీపం లేదు. డిసెంబరు తెల్లవారుజామున ఆ చీకట్లో మోకాళ్ళ నొప్పులున్నవారు గోడ పట్టుకుని ఎక్కడం చూస్తే నాకు బాధ కలిగింది. యోగా నేర్చుకోవడానికి ఎక్కువగా వచ్చేవారు వాళ్ళే కదా. ఒక చేతిపట్టు కమ్మీ, ఒక బల్బు పెట్టించమని వ్రాతపూర్వకంగా కోరాను. బల్బు వచ్చింది, కమ్మీ ఇంకా రాలేదు.

నేల మీద రబ్బరు మ్యాట్లకు బదులు వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు పరుస్తారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఊరి నేతను అక్కడ వాడడం నాకు గర్వంగానే ఉంది. కూర్చోవడానికి, పడుకోవడానికి, చలిలో వెచ్చదనానికి వాటికి సాటి లేదు. కానీ పాలిష్ బండల మీద అవి జారతాయి. నిలబడి చేసే ఆసనాల్లో కాళ్ళు ఎడంగా పెట్టినప్పుడు నేను రెండుసార్లు తూలాను. నిలబడే ఆసనాల వరకు జంపఖానా మడిచి పక్కన పెట్టించి, వట్టి కాళ్ళతో బండ మీదే చేయిస్తే సరిపోతుంది.

ఇంటి సాధన కోసం ఇచ్చే శవాసనం రికార్డింగు నలభై నిమిషాలది. కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒక్కొక్క అవయవం మీదుగా ధ్యాసను నడిపించడం అందులో ఉంటుంది. విషయం మంచిదే, కానీ భాష మరీ గ్రాంథికంగా ఉంది. “వామపాదాంగుష్ఠమును అవలోకించుము” అని వినగానే నా ధ్యాస పాదం మీద కాక ఆ మాట అర్థం మీదకు పోయేది. తరగతిలో టీచరమ్మ తన మాటల్లో “ఎడమ కాలి బొటనవేలు సంగతేంది, సల్లగున్నదా, వెచ్చగున్నదా?” అని అడుగుతుంటే ఆ వేలు నిజంగానే మేలుకునేది. ఆ గొంతుతోనే, ఇరవై నిమిషాలకు మించకుండా, కొత్త రికార్డింగు చేస్తే ఎంతోమందికి ఉపయోగపడుతుంది.

పక్క వీధిలోని ఫంక్షన్ హాలు వల్ల పెళ్ళిళ్ళ రోజుల్లో తెల్లవారుజాము నుంచే బ్యాండు మోగుతుంది. దీన్ని నేను లోపంగా లెక్కించను. శబ్దాన్ని కూడా ఊపిరిలాగే వచ్చిపోయేదిగా వినమని ఆమె నేర్పారు, అది కొంతవరకు సాధ్యమైంది కూడా. మానుకున్న తరగతులకు బదులు తరగతులు లేకపోవడం మాత్రం నాకు ఇబ్బందే. జనవరిలో కొత్త మిర్చి రావడం మొదలయ్యాక నాలుగు రోజులు వెళ్ళలేకపోయాను. సాయంత్రం 6 గంటల బ్యాచ్‌లో కూర్చోనిస్తారేమోనని అడిగితే, అక్కడ అప్పటికే 18 మంది ఉన్నారన్నారు. నియమం తప్పకపోవడం మంచిదే గానీ, మార్కెట్ మీద, రైలు డ్యూటీల మీద బతికే ఊరిలో ఆదివారం ఒక అదనపు తరగతి పెడితే బాగుంటుంది.

నాకు జరిగిన మేలును ఉన్నదున్నట్టు చెబుతాను. బీపీ మాత్రలు మునుపటిలాగే వేసుకుంటున్నాను. డాక్టరు మోతాదు మార్చలేదు. రాత్రి ఒంటిగంట, రెండింటి దాకా మేలుకుని ఉండేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువ రోజులు పదకొండున్నరలోపు నిద్ర పడుతోంది. మధ్యలో మెలకువ వస్తే లేచి ఫోన్ చూడకుండా, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పొడుగు ఊపిరి వదులుతూ పడుకుంటాను. కోపం తగ్గిందని ఇంట్లో నా భార్య అంటోంది. నాకు తెలిసినంతలో కోపం వస్తూనే ఉంది, అది వస్తున్నప్పుడు దవడ బిగియడం ముందుగా తెలుస్తోంది, ఆ లోపల నోరు మూసుకునే వ్యవధి దొరుకుతోంది. రోజుకు ఇరవై నిమిషాల ఇంటి సాధన చేయమన్నారు, నేను సగటున పన్నెండు చేశాను. మొదటి నాలుగు వారాల్లో పెద్ద మార్పేమీ కనిపించలేదు గనుక, రెండు వారాలకే మానేసే ఉద్దేశం ఉన్నవారు చేరకపోవడం మేలు. పతంజలి కూడా చాలా కాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని అన్నాడు. ఆ ‘ఆదరంతో’ అన్న మాటను టీచరమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు.

ఒంటి కొవ్వు కరిగించుకోవాలని, కష్టమైన ఆసనాలు వేసి చూపాలని కోరుకునేవారికి ఈ తరగతి చప్పగా ఉంటుంది. లెక్కలు రాసేవారు, డ్యూటీలు మారేవారు, పిల్లల చదువుల గురించి రాత్రంతా ఆలోచించే తల్లిదండ్రులు, పోటీ పరీక్షలకు చదివే యువకులు చేరవలసినది ఇది. చలికాలంలో చేరేవారు శాలువా, సాక్సులు తెచ్చుకోవాలి. రావడానికి గంట ముందు నుంచి టీ కూడా తాగవద్దంటారు.

మిర్చి సీజన్ అయ్యేదాకా రోజూ వెళ్ళే వీలు లేదు గనుక, పాత విద్యార్థుల కోసం నెలకు రెండుసార్లు పెట్టే అభ్యాస తరగతికి పేరు ఇచ్చాను. దుకాణంలో మాత్రం ఒక చిన్న నియమం పెట్టుకున్నాను: తక్‌పట్టీలో తూకం అంకె వేసే ముందు కలం ఆపి, ఒక్క ఊపిరి పూర్తిగా వదిలి, ఎదుటి రైతుకు ఆ అంకెను పైకి చదివి వినిపించి, అప్పుడు రాయడం. నిన్న నలభై మూడు తక్‌పట్టీలు రాశాను. అంకె పైకి చదవడం ఒక్కదాంట్లోనూ మరచిపోలేదు. ఊపిరి సంగతి మాత్రం పదకొండింటిలో గుర్తుంది.